లోపం తెలిసిన విమానానికి గడువు ఎందుకు ఇస్తారు?

ప్రశ్న: నేను కాజీపేట లోకోషెడ్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ప్రస్తుతం హనుమకొండలో ఉంటున్నాం. మా అమ్మాయి అమెరికాలో ఒక చిన్న ఊళ్లో ఉద్యోగం చేస్తోంది. పని మీద దాదాపు ప్రతి వారం ఎంబ్రాయర్ 175 అనే చిన్న జెట్ విమానంలో చికాగో వెళ్లి వస్తుంది. ఆ రకం విమానాల్లో ఒక భాగాన్ని తప్పనిసరిగా తనిఖీ చేసి, అవసరమైతే మార్చాలని అక్కడి విమానయాన శాఖ ఆదేశం ఇచ్చిందని చదివాను. అది ప్రమాదకరమైన స్థితి అని ఆదేశంలో వాళ్లే రాశారు. అయినా కొన్ని వేల గంటలు ఎగిరేదాకా గడువు ఇచ్చారు. ప్రమాదమని తెలిసినప్పుడు వెంటనే ఆపేయాలి కదా? గడువులోగా మార్చారో లేదో చూసేదెవరు? మా ఆవిడ అప్పటి నుంచి నిద్రపోవడం లేదు, అమ్మాయిని కారులో వెళ్లమని పోరుతోంది. రేపు వరంగల్ దగ్గరి మామునూరులో విమానాలు మొదలైతే ఇక్కడ ఇవన్నీ చూసేదెవరు? దయచేసి వివరంగా చెప్పండి.
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పెద్దలైన మీకు నమస్కారం. ముందుగా ఇంట్లో ఉన్న ఆందోళన సంగతి చెప్తాను. అమ్మాయిని ఆ విమానం ఎక్కవద్దని చెప్పకండి, కారులో వెళ్లమని అసలే చెప్పకండి. అలా ఎందుకు అంటున్నానో తెలియాలంటే మీరు అడిగిన గడువు సంగతి వివరంగా చూడాలి. మీ ప్రశ్నల్లో అన్నింటికన్నా పదునైనది అదే, విమానాల గురించి రాసేవాళ్లు చాలామంది దాటవేసేదీ అదే.

మీరు చదివిన కాగితాన్ని ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్ అంటారు, మెకానిక్కుల నోట అది ‘ఏడీ’. మీరు షెడ్‌లో ఉన్నప్పుడు లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌వో నుంచి వచ్చే మాడిఫికేషన్ షీట్లను చూసే ఉంటారు. ఒక ఇంజన్‌లో బయటపడిన లోపం అదే తరగతికి చెందిన మిగతా ఇంజన్లలోనూ ఉండవచ్చని తేలినప్పుడు ఆ షీటు అన్ని షెడ్లకూ వెళ్తుంది, షెడ్లు తమ షెడ్యూళ్లలో ఆ పని కలుపుకొని చేస్తాయి. ఏడీ పుట్టుక కూడా అటువంటిదే, కానీ దాని వెనుక చట్టం ఉంది. విమానం తయారుచేసిన కంపెనీ ఇచ్చే కాగితాన్ని సర్వీస్ బులెటిన్ అంటారు. అది ఎంత ముఖ్యమైనదైనా కంపెనీ ఇచ్చే సలహాగానే ఉంటుంది. ఆ సలహాను ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఏడీగా జారీ చేస్తే, అందులో పెట్టిన గడువు దాటాక దాన్ని పాటించకుండా విమానం ఎగరడం చట్టవిరుద్ధం. అమెరికా నిబంధనల ప్రకారం అలా ఎగిరిన ఒక్కొక్క ప్రయాణమూ విడివిడిగా ఒక ఉల్లంఘన కిందకు వస్తుంది. ఎంబ్రాయర్ బ్రెజిల్ కంపెనీ కాబట్టి మొదటి ఆదేశం సాధారణంగా ఆ దేశపు నియంత్రణ సంస్థ ఆనాక్ నుంచి వస్తుంది. ఆ తర్వాత అమెరికాలో ఎఫ్‌ఏఏ, మన దేశంలో డీజీసీఏ తమ తమ విమానాలకు దాన్ని వర్తింపజేస్తాయి.

ఇక గడువు. విమానాల్లోని లోహభాగాల్లో పగులు ఒక్కరోజులో పుట్టి ఒక్కరోజులో విరిగిపోయేది కాదు. విమానం ఎత్తుకు ఎక్కినప్పుడల్లా బయటి గాలి ఒత్తిడి కన్నా క్యాబిన్‌లో ఒత్తిడి ఎక్కువై దేహం కొద్దిగా ఉబ్బుతుంది, దిగినప్పుడు మళ్లీ మామూలవుతుంది. రెక్కల మీద, చక్రాల కాళ్ల మీద బరువు కూడా అలాగే పడుతూ తీరుతూ ఉంటుంది. ఈ ఒక్కో ఎక్కి దిగడాన్ని సైకిల్ అని లెక్కిస్తారు. వేల సైకిళ్ల తర్వాత ఒక రివెట్ రంధ్రం అంచునో, ఒక బ్రాకెట్ మూలనో వెంట్రుకంత పగులు మొదలై, సైకిల్ సైకిల్‌కూ కాస్త కాస్తగా పాకుతుంది. అది పరికరాలకు దొరికేంత పెద్దదయ్యే దశ ఒకటి, భాగం బరువు మోయలేక విరిగే దశ ఒకటి ఉంటాయి. ఈ రెండింటి మధ్య ఎన్ని సైకిళ్లు పడతాయో పరీక్షలతోనూ లెక్కలతోనూ నిర్ణయించి, ఆ వ్యవధిలో కనీసం రెండు మూడు సార్లు తనిఖీకి దొరికేలా గడువు పెడతారు. ఆ వ్యవధి 12,000 సైకిళ్లు అని తేలిందనుకుందాం. అప్పుడు తనిఖీ 4,000 సైకిళ్లకో 6,000 సైకిళ్లకో ఒకసారి ఉంటుంది. ఒక తనిఖీలో కంటికి చిక్కకుండా పోయినా తర్వాతి తనిఖీలో చిక్కాలన్నది దాని ఉద్దేశం. పెద్ద విమానాల నిర్మాణానికి సంబంధించిన అమెరికా నిబంధనల్లో 1978 నుంచి ఈ పద్ధతి ఉంది. దానికి ముందు ఏడాది జాంబియాలోని లుసాకాలో తోక రెక్క లోహపు అలసటతో విరిగి ఒక బోయింగ్ 707 సరుకు విమానం కూలిన ఘటన కూడా ఆ మార్పుకు ఊతమిచ్చింది.

కాబట్టి గడువు ఇచ్చినంత మాత్రాన ‘ప్రమాదం ఉంది గాని ఫర్వాలేదు’ అన్నట్టు కాదు. ఈ లోపాన్ని ఇలాగే వదిలేస్తే ఎప్పుడో ఒకప్పుడు ప్రమాదమవుతుంది, ఫలానా సమయంలోగా సరిదిద్దితే అక్కడిదాకా రాదు అని ఆ ఆదేశం చెప్తోంది. నిజంగానే ఆగే వీలు లేని లోపమైతే గడువు గంటల్లోకి వస్తుంది. దాన్ని ఎమర్జెన్సీ ఏడీ అంటారు. 2025 నవంబర్ చివర ఎయిర్‌బస్ ఏ320 కుటుంబపు విమానాల్లో ఒక కంప్యూటర్‌కు సంబంధించిన లోపం బయటపడినప్పుడు ప్రపంచమంతటా సుమారు 6,000 విమానాలకు, తదుపరి మామూలు ప్రయాణానికి ముందే సరిచేయాలన్న ఆదేశం వచ్చింది. శంషాబాద్‌తో సహా మన విమానాశ్రయాల్లోనూ ఇంజనీర్లు ఆ రాత్రులు ఆ పనిమీదే ఉన్నారు. మీరు చదివిన ఆదేశానికి వేల గంటల గడువు ఉన్నదంటే, ఆ లోపం ఈ కోవకు చెందదని నిపుణులు లెక్క కట్టారన్న మాట.

చిన్న జెట్ల విషయంలో ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఖండాలు దాటే పెద్ద విమానం రోజుకు ఒకటి రెండు సార్లు మాత్రమే ఎక్కి దిగుతుంది. మీ అమ్మాయి ఎక్కే రకం విమానం గంట, గంటన్నర దూరాల మధ్య రోజంతా తిరుగుతూనే ఉంటుంది. ఎగిరిన గంటలు తక్కువగా కనిపించినా సైకిళ్లు వేగంగా పేరుకుపోతాయి. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల మధ్య తిరిగే అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 విమానం పైకప్పు గాలిలోనే ఊడిపోయి ఒక ఎయిర్‌హోస్టెస్ మరణించింది. ఆ విమానం ఎగిరింది సుమారు 35,000 గంటలే గాని, పూర్తిచేసిన సైకిళ్లు 89,000కు పైనే. సముద్రపు ఉప్పుగాలి, అతుకుల దగ్గర జిగురు వదిలిపోవడం కూడా తోడయ్యాయి. అందువల్లనే ఇలాంటి ఆదేశాల్లో గడువును గంటల్లో, సైకిళ్లలో, నెలల్లో విడివిడిగా రాసి, వీటిలో ఏది ముందు వస్తే అది అని పెడుతుంటారు. మీరు ఆ ఆదేశం మూలప్రతి చూడగలిగితే ఈ మాట ఉందేమో గమనించండి. అంతకన్నా ముఖ్యంగా, ‘ఇదివరకే చేసి ఉంటే తప్ప’ అన్న మాట కోసం చూడండి. అమెరికా ఆదేశాల్లో అది మామూలుగా ఉండే మాటే, కానీ పత్రికల్లో వార్తగా వచ్చేసరికి రాలిపోతుంది. కంపెనీ సర్వీస్ బులెటిన్ సాధారణంగా ఏడీ కన్నా నెలల ముందే వస్తుంది కాబట్టి, ఆదేశం అచ్చయ్యే నాటికే చాలా విమానాల్లో ఆ పని అయిపోయి ఉండే వీలుంది.

వెంటనే అన్నీ ఆపి మార్చేస్తే ఇంకా క్షేమం కదా అని మీకు అనిపించవచ్చు. షెడ్‌లో పనిచేసిన మీకు దీని జవాబు నాకన్నా బాగా తెలుసు: హడావిడిలో విప్పి బిగించిన పనిలోనే కొత్త తప్పులు పుడతాయి. 2018 నవంబర్ 11న పోర్చుగల్‌లో పెద్ద తనిఖీ ముగించుకొని బయలుదేరిన ఎయిర్ అస్తానా ఎంబ్రాయర్ 190 విమానం గాలిలోకి లేచీ లేవగానే అదుపు తప్పింది. ఆ తనిఖీలో రెక్కల చివర ఉండి విమానాన్ని పక్కకు ఒరిగించే పలకల (ఎయిలెరాన్ల) తీగలు తారుమారుగా అమర్చడం వల్ల, పైలట్ ఒక పక్కకు తిప్పితే విమానం మరో పక్కకు ఒరిగింది. లోపల ఉన్న ఆరుగురూ బతికి బయటపడ్డారు. కానీ అది ఎంతో కష్టపడి, పలు ప్రయత్నాల తర్వాత బేజా విమానాశ్రయంలో దింపగలిగినందువల్ల. విమానం మళ్లీ పనికి రాలేదు. ఆరోగ్యంగా తనిఖీకి వెళ్లిన విమానం, ప్రాణాంతక స్థితిలో తిరిగివచ్చింది. సరైన భాగాలు చేతికి వచ్చి, శిక్షణ పొందినవాళ్లు హ్యాంగర్‌లో వెలుగులో తాపీగా చేసేంత వ్యవధి ఉండటం కూడా భద్రతలో భాగమేనని ఈ ఘటన చూశాక ఎవరూ కాదనలేరు.

అలాగని నియంత్రణ సంస్థలు పెట్టే గడువులన్నీ, హద్దులన్నీ సరైనవేనని నేను చెప్పను. అలోహా విమానం విషయంలో తయారీదారు బోయింగ్ దేహం మీది అతుకులు చాలావాటిని చూడాలని బులెటిన్‌లో సూచిస్తే, 1987 నాటి ఎఫ్‌ఏఏ ఆదేశం వాటిలో కొన్నింటినే తప్పనిసరి చేసింది. ప్రమాదానికి దోహదపడిన కారణాల్లో దర్యాప్తు సంస్థ దాన్ని కూడా చేర్చింది. మన దేశంలో 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా 171 కూలిన తర్వాత వచ్చిన ప్రాథమిక నివేదికలో ఇంకో సంగతి ఉంది. ఇంధన స్విచ్చుల లాకింగ్‌ను చూడమని ఎఫ్‌ఏఏ 2018 డిసెంబర్‌లో ఒక సమాచార బులెటిన్ ఇచ్చింది. అది సలహా మాత్రమే, తప్పనిసరి కాదు కాబట్టి ఆ తనిఖీ చేయలేదని ఎయిర్ ఇండియా చెప్పినట్టు అందులో ఉంది. ప్రమాదానికి అది కారణమని నివేదిక చెప్పలేదు, మనం కూడా చెప్పకూడదు. అయితే జూలైలో డీజీసీఏ అదే తనిఖీని వారం రోజుల గడువుతో తప్పనిసరి చేసింది. అందువల్ల నా మనసులో మాట అడిగితే, తప్పనిసరి ఆదేశం పడిన లోపం గురించి నాకు అంత బెంగ లేదు. ఎందుకంటే దాని మీద అందరి కళ్లూ ఉంటాయి. సలహాగా మిగిలిపోయి ఏళ్ల తరబడి ఫైళ్లలో పడి ఉండే కాగితాలు నన్ను ఎక్కువగా కలవరపెడతాయి.

మార్చారో లేదో ఎవరు చూస్తారన్నది మీ రెండో ప్రశ్న. ప్రతి విమానానికీ దానికి వర్తించే ఏడీల పట్టిక ఉంటుంది. ఏ ఏడీని ఏ తేదీన, ఏ పద్ధతిలో పూర్తిచేశారు, మళ్లీ మళ్లీ చేయవలసినదైతే తర్వాతిది ఎప్పుడు అన్నవి అందులో ఉండాలి. విమానం చేతులు మారితే ఆ రికార్డులూ దానితోపాటే వెళ్లాలి. పని చేసిన లైసెన్స్ ఇంజనీరు తన సంతకంతో విమానాన్ని సేవలోకి విడుదల చేస్తాడు. ఆ సంతకం పెట్టాడంటే బాధ్యత అతని మెడకు చుట్టుకున్నట్టే. ఎగరడాన్ని నియంత్రించే తీగలు, మీటల వంటి వాటిని ఒకరు బిగిస్తే, ఆ పని చేయని మరొకరు విడిగా చూసి సంతకం పెట్టాలన్న నియమం అమెరికాలోనూ ఉంది, మన దగ్గరా ఉంది. కొత్తగా వేసే భాగానికి అది ఎక్కడ తయారై, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పే ధ్రువపత్రం ఉండాలి. 2023లో బ్రిటన్‌లోని ఏఓజీ టెక్నిక్స్ అనే సంస్థ నకిలీ పత్రాలతో ఇంజన్ భాగాలు అమ్మిందని బయటపడినప్పుడు అనేక దేశాల విమాన సంస్థలు తమ ఇంజన్లు విప్పి ఆ భాగాలను వెతికి తీయవలసి వచ్చింది. పత్రాలు ఉండబట్టే ఏ భాగం ఏ ఇంజన్‌లోకి పోయిందో కనుక్కోగలిగారు.

నియమం ఉన్నంత మాత్రాన అందరూ పాటిస్తారా అంటే, పాటించని సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలోనే సౌత్‌వెస్ట్ సంస్థ ఏడీ ప్రకారం దేహంలో పగుళ్ల కోసం చేయవలసిన తనిఖీ చేయకుండా 46 విమానాలను నడిపిందని 2008లో తేలింది. ఎఫ్‌ఏఏలోని ఇన్‌స్పెక్టర్లే తమ పైవాళ్ల ఉదాసీనతను అక్కడి పార్లమెంటు (కాంగ్రెస్) ముందు బయటపెట్టారు. 2009లో ఆ సంస్థ 75 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. అదే 2008 ఏప్రిల్‌లో వైర్ల కట్టలకు సంబంధించిన ఒక ఏడీని అక్షరాలా పాటించలేదని తేలడంతో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ఎండీ-80 విమానాలను నిలిపివేసి, మూడు వేలకు పైగా ప్రయాణాలను రద్దు చేసింది. లక్షల మంది ఇబ్బంది పడ్డారు, పత్రికలు తిట్టిపోశాయి. నా దృష్టిలో మాత్రం ఆ రద్దులు వ్యవస్థ పనిచేసిందనడానికి గుర్తు.

మీ అమ్మాయి ఎక్కే రకం విమానంలోనే జరిగిన ఒక సంగతి కూడా దాచకుండా చెప్తాను. 2019 నవంబర్ 6న అట్లాంటా నుంచి బయలుదేరిన రిపబ్లిక్ ఎయిర్‌వేస్ ఎంబ్రాయర్ 175 విమానం ముక్కు తనంతట తాను పైకి లేవసాగింది. కెప్టెన్ కంట్రోల్ కాడ దగ్గర ఒక బోల్టుకు కట్టిన భద్రతా తీగ కొసను సరిగా అమర్చకపోవడంతో అది రాసుకొని, తోకను నియంత్రించే విద్యుత్ తీగల పైపొర చెరిగిపోయింది. పైలట్లు బలం కూడదీసుకొని విమానాన్ని అదుపులోకి తెచ్చి అట్లాంటాలోనే దింపారు, ఎవరికీ గాయం కాలేదు. 2020లో దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ అటు ఎఫ్‌ఏఏకూ ఇటు బ్రెజిల్ ఆనాక్‌కూ సిఫార్సులు పంపింది. వేలెడంత తీగ ముక్క ఒక విమానంలో చేసిన పొరపాటు, అదే రకానికి చెందిన మిగతా విమానాల తనిఖీకి దారి చూపింది. మీరు చదివి భయపడే ఆదేశాలు పుట్టేది ఇలాంటి ఘటనల నుంచే. ఎంబ్రాయర్ల మీద ఏడీలు ఎక్కువగా కనిపిస్తే ఆ విమానం చెడ్డదని అర్థం కాదు. వేలసార్లు ఎగిరే విమానాన్ని అంత దగ్గరగా గమనిస్తున్నారని అర్థం.

ఇప్పుడు మీ ఆవిడ గారి సంగతి. 2025 జనవరిలో వాషింగ్టన్ దగ్గర ఒక చిన్న జెట్ కూలి 67 మంది పోయిన వార్త ఆమె మనసులో ఉండే ఉంటుంది. అది సైనిక హెలికాప్టర్‌తో గాలిలో ఢీకొన్న ప్రమాదం, విమానంలో ఏ భాగమో విఫలమై జరిగినది కాదు. దానికి ముందు అమెరికాలో ప్రయాణికుల విమాన సంస్థలు ఇంత పెద్ద ప్రమాదం చూసింది 2009 ఫిబ్రవరిలో, అంటే దాదాపు పదహారేళ్ల ముందు. అదే దేశంలో రోడ్ల మీద ఏటా సుమారు 40 వేల మంది చనిపోతున్నారు. పని ముగించుకొని అలసిపోయి, చలికాలంలో మంచు పడిన హైవే మీద ఒంటరిగా గంటల తరబడి నడిపే అమ్మాయి గురించి తల్లి నిజంగా ఆందోళన పడాలి. ఈ మాటను ఆమెకు అంకెలతో వాదించినట్టు కాకుండా, ‘కారు కన్నా అదే నయం, నేను కనుక్కున్నాను’ అని మీరు చెప్పండి. మెషీన్ల మధ్య జీవితం గడిపిన మనిషిగా మీ మాటకు ఇంట్లో విలువ ఉంటుంది.

అమ్మాయికి చెప్పవలసినది ఒకటుంది. అమెరికాలో ఇలాంటి చిన్న జెట్ల మీద పెద్ద సంస్థల రంగూ పేరూ ఉన్నా, వాటిని నడిపేది చాలాసార్లు వేరే ప్రాంతీయ సంస్థ. టికెట్‌పై చిన్న అక్షరాల్లో ఫలానావారు నడుపుతున్నారని రాసి ఉంటుంది. తనిఖీలకు, ఏడీలకు జవాబుదారీ ఆ చిన్న అక్షరాల్లో ఉన్న సంస్థదే. ఎప్పుడైనా ఏదైనా లోపం గురించి ఫిర్యాదు చేయాలన్నా, ప్రశ్నించాలన్నా ఆ పేరు తెలిసి ఉండాలి. అంతకుమించి ప్రతి ఆదేశాన్నీ వెతికి చదవమని చెప్పకండి. వాటిలో చాలావాటిలో ప్రయాణికులు చేయగలిగింది ఏమీ ఉండదు.

చివరగా మామునూరు. నిజాం కాలం నాటి ఆ ఎయిర్‌ఫీల్డ్‌ను మళ్లీ అభివృద్ధి చేయడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. అక్కడ విమానాలు మొదలైనా పెద్ద తనిఖీలు, ఏడీల ప్రకారం భాగాలు మార్చే పనులు చాలావరకు సంస్థల ప్రధాన స్థావరాల్లోనే జరుగుతాయి. మన రాష్ట్రంలో శంషాబాద్‌లో అలాంటి హ్యాంగర్లు ఉన్నాయి. మన దేశంలో ఎంబ్రాయర్ జెట్లు నడిపే స్టార్ ఎయిర్ అయినా, ప్రొపెల్లర్లతో ఎగిరే ఏటీఆర్ విమానాలు నడిపే సంస్థలైనా తమ విమానాల ఏడీ రికార్డులను డీజీసీఏకు చూపవలసిందే. విమానం ఎగరడానికి తగిన స్థితిలో ఉందని చెప్పే సమీక్ష ధ్రువపత్రం కూడా ఏటా ఉండాలి. చిన్న విమానాశ్రయంలో మామూలుగా జరిగేది దిగిన విమానం చుట్టూ తిరిగి చూసే చూపు, రోజువారీ తనిఖీ, చిన్నచిన్న మరమ్మతులు. కొన్ని పరికరాలు పనిచేయకపోయినా, నిర్ణీత జాబితా ప్రకారం 3 రోజులో 10 రోజులో 120 రోజులో విమానాన్ని నడపడానికి వీలుంటుంది. దానికీ ఏడీ గడువుకూ సంబంధం లేదు, ఏడీ గడువు దాటిన విమానం ఆ జాబితా చూపించి ఎగరడానికి వీల్లేదు. కాబట్టి ఒకనాడు మామునూరులో ‘సాంకేతిక కారణాల వల్ల’ విమానం ఆగి, శంషాబాద్ నుంచి లైసెన్స్ ఉన్న ఇంజనీరూ కావలసిన భాగమూ రోడ్డు మీద వచ్చేదాకా మూడు నాలుగు గంటలు కూర్చోవలసి వస్తే, కౌంటర్ దగ్గర గొడవపడేవాళ్లతో కలవకండి. ఏ భాగమో, సంతకం పెట్టేదెవరో అడగండి, మీలాంటివారు అడిగితే వాళ్లు చెప్తారు.